‘నెగటివ్’ అంటే ఏమిటి? కేన్సర్ జన్యువులు, వైరస్‌లు, మనం అడగవలసిన ప్రశ్నలు

(మహిళా కార్యకర్తల కోసం, ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థల వారి కోసం జరిగిన శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం పేరే కాస్త భయపెట్టేదిగా ఉంది. కేన్సర్‌తో సంబంధం ఉన్న జన్యువుల్లోనూ, వైరస్‌లలోనూ పదే పదే వచ్చే వరుసల గురించి మాట్లాడాలి. వినగానే ఇదేదో ప్రయోగశాలల్లో కూర్చున్నవాళ్ల వ్యవహారం, మనకెందుకు అనిపిస్తుంది. గృహహింస కేసులు, పింఛన్ల దరఖాస్తులు, కూలి రేట్ల పంచాయితీల మధ్య పరుగులు తీసే మనకు జీవశాస్త్రం గొడవ ఎందుకు?

ఎందుకంటే, మనం ఎవరికైనా తోడుగా ఆసుపత్రికి వెళ్లినప్పుడు చివరికి చేతికొచ్చే కాగితం మీద ఒక మాట ఉంటుంది. ‘నెగటివ్’. “ఏమీ లేదంట అక్కా” అని ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. మనమూ పీల్చుకుంటాం. చాలాసార్లు అది నిజమే. కాని నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. ‘నెగటివ్’ అన్నది ఆ స్త్రీ శరీరం గురించి చెప్పిన తుది తీర్పు కాదు. ఆ పరీక్ష దేని కోసం వెతికిందో అది కనబడలేదని మాత్రమే దానర్థం. దేని కోసం వెతికారు, దేన్ని వెతకకుండా వదిలేశారు అని అడిగే హక్కు ఆమెకు ఉంది. ఆ ప్రశ్న అడగడానికి ఎంత విజ్ఞానం కావాలో అంతే చెబుతాను.

పల్లవి దగ్గర జరిగే పొరపాటు

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ డి.ఎన్.ఏ. అనే పొడవాటి దారం ఉంటుంది. నాలుగే నాలుగు రసాయన అక్షరాలతో రాసిన రాత అది. తల్లి దగ్గర నుంచి ఒక ప్రతి, తండ్రి దగ్గర నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. వీటిలో ప్రొటీన్లు తయారుచేసే సూచనలుగా నేరుగా పనికొచ్చేవి నూటికి రెండు కూడా కావు. దాదాపు సగం మాత్రం అవే వరుసలు మళ్లీ మళ్లీ రావడమే.

ఇలా పదే పదే వచ్చే వరుసల్లో ఒక రకానికి ‘ఆలు’ అని పేరు. మన ఆలుమగల్లోని ఆలుకీ దీనికీ సంబంధం లేదు. ఒక బాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్ పేరు మీదుగా వచ్చిన పేరది. ఒక్కో ఆలు వరుస సుమారు 300 అక్షరాల పొడవు ఉంటుంది. మన జన్యు రాతలో ఇలాంటివి 10 లక్షలకు పైగా ఉన్నాయి. అంటే మొత్తం రాతలో పదోవంతు ఇవే. ఒక చోటి నుంచి నకలు తీసుకుని ఇంకో చోట చేరిన ముక్కలివి. జన్యు ముక్కలు ఇలా చోటు మారతాయని మొక్కజొన్నలో మొదట చూపించినది బార్బరా మెక్లింటాక్ అనే స్త్రీ శాస్త్రవేత్త. 1940ల చివర ఆమె చెప్పినదాన్ని తోటివారు చాలాకాలం పట్టించుకోలేదు. 1983లో నోబెల్ బహుమతి ఇచ్చేనాటికి ఆమెకు 81 ఏళ్లు.

ఈ పునరావృత వరుసలను చాలాకాలం ‘చెత్త’ అనే పిలిచారు. ఇంటి చాకిరీని లెక్కల్లోకి రాని పని అంటూ వచ్చిన సమాజంలో బతుకుతున్న మనకు ఇలాంటి మాటలు విన్నప్పుడు కాస్త అనుమానం రావడం మంచిదే. అలాగని వాటన్నిటికీ ఏదో గొప్ప పని ఉందని నేను అనడం లేదు. చాలావాటికి ఏ పనీ లేకపోవచ్చు. పని లేకపోవడం వేరు, ప్రభావం లేకపోవడం వేరు.

ఆ ప్రభావం ఏమిటో మనకు తెలిసిన ఉదాహరణతో చూద్దాం. మన ఉద్యమ పాటలు ఒకరి నోట్‌బుక్‌లోంచి ఇంకొకరి నోట్‌బుక్‌లోకి రాసుకుంటాం కదా. పాటలో ప్రతి చరణం తర్వాతా పల్లవి మళ్లీ వస్తుంది. హడావుడిగా రాసుకునేటప్పుడు కన్ను ఒక పల్లవి మీద నుంచి తర్వాతి పల్లవి మీదకు జారిపోతుంది. మధ్యలో ఉన్న చరణం మొత్తం ఎగిరిపోతుంది. ఒక్కోసారి వెనక్కి జారి అదే చరణం రెండుసార్లు పడుతుంది. రాసిన ప్రతి అక్షరమూ ఒప్పే. వరస చదివితే అక్షర దోషం ఒక్కటీ కనబడదు. కాని పాటలో ఒక చరణం లేదు.

జన్యువుల్లోనూ ఇదే జరుగుతుంది. అటూ ఇటూ ఒకే పోలికతో రెండు ఆలు వరుసలు ఉంటే, బీజకణాలు తయారయ్యేటప్పుడు జరిగే అతుకుల పనిలో ఒకదాని బదులు ఇంకొకటి జతపడుతుంది. మధ్యలోని ముక్క పోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. ఆ ముక్క ముఖ్యమైన జన్యువులో భాగమైతే, ఆ జన్యువు ఇక పనిచేయదు.

రొమ్ము కేన్సర్ జన్యువు కథ

ఇలాంటి పల్లవులు విపరీతంగా ఉన్న జన్యువు ఒకటి ఉంది. దాని పేరు బి.ఆర్.సి.ఏ.-1. చెడిపోయిన డి.ఎన్.ఏ.ను బాగుచేయడం ఈ జన్యువు పని. ఇది పనిచేయని స్థితిలో వారసత్వంగా వస్తే, ఆ స్త్రీలలో నూటికి సుమారు 55 నుంచి 72 మందికి జీవితకాలంలో రొమ్ము కేన్సర్ వచ్చే అవకాశం ఉంది. అండాశయ కేన్సర్ ముప్పు కూడా బాగా పెరుగుతుంది. మొత్తం రొమ్ము కేన్సర్లలో ఇలా వారసత్వంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. అయినా అమ్మకీ, పిన్నికీ, అక్కకీ చిన్న వయసులోనే ఈ జబ్బు వచ్చిన కుటుంబాల్లో ఇది చావుబతుకుల సమస్య.

ఈ జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో కనిపెట్టినది మేరీ-క్లెయిర్ కింగ్. ఆమెను గురించి మనం తెలుసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక పాలనలో మాయమైన కూతుళ్ల, కోడళ్ల బిడ్డలను వెతుక్కుంటున్న నాయనమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. ప్లాజా ద మాయో అమ్మమ్మలని వాళ్లకు పేరు. 1984 నుంచి వాళ్లతో కలిసి పనిచేసి, జన్యు పరీక్షల ద్వారా మనవలను గుర్తుపట్టడానికి సాయపడింది ఈ శాస్త్రవేత్తే. విజ్ఞానం ఎవరి పక్షాన నిలబడుతుందన్నది ముందే రాసిపెట్టి ఉండదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

1994లో ఈ జన్యువు పూర్తి రాతను అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం, మిరియడ్ జెనెటిక్స్ అనే కంపెనీ కలిసి బయటపెట్టాయి. తర్వాత పేటెంట్లు వచ్చాయి. అమెరికాలో ఈ జన్యువును వ్యాపార స్థాయిలో పరీక్షించే అధికారం ఆచరణలో ఒక్క కంపెనీకే మిగిలింది. పూర్తి పరీక్షకు 3 వేల డాలర్లకు పైగా వసూలు చేసేవారు. ఫలితం మీద నమ్మకం కుదరక ఇంకో ప్రయోగశాలలో చూపించుకుందామంటే ఇంకో ప్రయోగశాల లేదు.

ఇక్కడే మన పల్లవుల సంగతి వస్తుంది. బి.ఆర్.సి.ఏ.-1 జన్యువు పొడవు సుమారు 81 వేల అక్షరాలు. అందులో ప్రొటీన్‌గా మారేది సుమారు 5,600 అక్షరాలు. నూటికి 40కి పైగా ఆలు వరుసలే. అంటే చరణం ఎగిరిపోయే ప్రమాదం ఈ పాటలో చాలా ఎక్కువ. ఎగిరిపోతోందని 1997లోనే తెలిసింది. నెదర్లాండ్స్‌లో రొమ్ము కేన్సర్ కుటుంబాలను పరిశీలించినప్పుడు, ఈ జన్యువులో కనబడిన లోపాల్లో మూడోవంతుకు పైగా ఇలా పెద్ద ముక్కలు పోయిన రకానివేనని తేలింది.

మామూలు పరీక్ష వీటిని ఎందుకు పట్టుకోలేదు? మళ్లీ నోట్‌బుక్‌ల దగ్గరకే వెళదాం. మన దగ్గర రెండు నోట్‌బుక్‌లున్నాయి, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. పరీక్ష చేసేవాళ్లు రెండింటినీ కలిపి చదువుతారు. నాన్న ఇచ్చిన ప్రతిలో మూడో చరణం లేదనుకోండి. మూడో చరణం కోసం వెతికినప్పుడు అమ్మ ప్రతిలోది దొరుకుతుంది. దాన్నే చదివి, అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయంటారు. రెండు ఉండవలసిన చోట ఒక్కటే ఉందని తెలియాలంటే చదివితే చాలదు, లెక్కపెట్టాలి. లెక్కపెట్టే పరీక్ష వేరే ఉంది. అది చేయనంతకాలం ఆ స్త్రీకి ‘నెగటివ్’ కాగితమే చేతికొస్తుంది.

ఒకే కంపెనీ, ఒకే పద్ధతి అయినందువల్ల ఈ లోపాలు బయటపడకుండా పోతున్నాయని 2001లో పారిస్‌లోని క్యూరీ సంస్థ యూరప్ పేటెంట్ కార్యాలయంలో అభ్యంతరం లేవదీసింది. 2006లో మేరీ-క్లెయిర్ కింగ్ బృందం మరో అధ్యయనం ప్రచురించింది. నలుగురు, అంతకంటే ఎక్కువ మందికి రొమ్ము లేక అండాశయ కేన్సర్ వచ్చి, ఆ వ్యాపార పరీక్షలో నెగటివ్ అని తేలిన 300 కుటుంబాలను వాళ్లు తిరిగి పరీక్షించారు. వాటిలో నూటికి 12 కుటుంబాల్లో బి.ఆర్.సి.ఏ.-1లోనో, బి.ఆర్.సి.ఏ.-2లోనో పెద్ద ముక్కలు పోవడమో, రెట్టింపు కావడమో కనబడింది. ఆ కుటుంబాల స్త్రీలు ‘ఏమీ లేదు’ అనుకుని తిరుగుతున్నవాళ్లు. అండాశయాలు తీయించుకోవాలా, ఏడాదికోసారి స్కానింగుకు వెళ్లాలా, చెల్లెలికి చెప్పాలా అన్న నిర్ణయాలన్నీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆ ఏడాదే కంపెనీ లెక్కపెట్టే పరీక్షను కూడా మొదలుపెట్టింది. అయితే కుటుంబ చరిత్ర మరీ తీవ్రంగా ఉందని తేలిన వారికి తప్ప, మిగతావారికి దాన్ని విడిగా, విడి ధరకు అమ్మింది. మొదటి పరీక్షలో చూడని భాగాన్ని చూడడానికి స్త్రీ మళ్లీ డబ్బు కట్టాలన్న మాట.

స్త్రీలు కోర్టుకెక్కారు

2009 మే నెలలో ఈ పేటెంట్లకు వ్యతిరేకంగా అమెరికాలో కేసు పడింది. శాస్త్రవేత్తల సంఘాలతో పాటు, రొమ్ము కేన్సర్ మీద పనిచేసే ఒక మహిళా సంస్థ, బోస్టన్ మహిళా ఆరోగ్య పుస్తక బృందం కూడా ఆ కేసులో ఫిర్యాదుదారులు. ‘మన శరీరాలు, మనం’ అన్న పుస్తకాన్ని తెచ్చిన బృందమే ఇది. వాళ్లతో పాటు కొందరు మామూలు స్త్రీలు కూడా ఉన్నారు. ఒకామె భీమాను కంపెనీ ఒప్పుకోలేదు. ఒకామెకు రెండో అభిప్రాయం తీసుకునే దారి లేదు. అండాశయ కేన్సర్ వచ్చిన ఇంకొకామె మొదటి పరీక్షలో నెగటివ్ వచ్చాక, పెద్ద ముక్కల కోసం చేసే ఆ రెండో పరీక్షకు డబ్బు పెట్టుకోలేకపోయింది.

ఆసియా సంతతికి చెందిన ఒకామె సంగతి మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఆమె ఫలితంలో ‘మార్పు ఉంది, దాని అర్థం తెలియదు’ అని వచ్చింది. జన్యువుల గురించి పోగుచేసిన సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ సంతతి వారిది. అందుచేత మిగతా జాతుల స్త్రీలకు ‘అర్థం తెలియని మార్పు’ అన్న జవాబు ఎక్కువగా వస్తుంది. ఇవాళ ఇక్కడ పరీక్ష చేయించుకునే మన స్త్రీలకూ ఈ మాట తరచుగా ఎదురవుతుంది. అది పాజిటివ్ కాదు, నెగటివ్ కాదు. ఆ ఒక్క మాటను పట్టుకుని శస్త్రచికిత్సకు పరిగెత్తకూడదు, మరచిపోనూ కూడదు. కొన్నేళ్ల తర్వాత ఆ మార్పు అర్థం తేలితే మాకు తెలియజేస్తారా అని అడిగి రాయించుకోవాలి.

2013 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో తీర్పు ఇచ్చారు. ప్రకృతిలో ఉన్న డి.ఎన్.ఏ.ను వేరుచేసి తీసినంత మాత్రాన అది కనిపెట్టిన వస్తువు కాదు, దానికి పేటెంటు చెల్లదు అన్నారు. ప్రయోగశాలలో తయారుచేసిన నకలు డి.ఎన్.ఏ.కు మాత్రం పేటెంటు కుదురుతుందన్నారు. ఆ రోజే వేరే ప్రయోగశాలలు తక్కువ ధరకు ఈ పరీక్ష చేస్తామని ప్రకటించాయి. ఇవాళ మంచి ప్రయోగశాలలు చదవడం, లెక్కపెట్టడం రెండూ కలిపి చేస్తున్నాయి. అయినా అన్ని చోట్లా చేస్తారన్న హామీ లేదు. కాగితంలో ఆ మాట ఉందో లేదో చూడవలసింది మనమే.

వైరస్‌లోనూ ఇదే సంగతి

రొమ్ము కేన్సర్ పరీక్షలు డబ్బున్నవాళ్ల గొడవ అనుకునేవాళ్లు ఉండవచ్చు. గర్భాశయ ముఖద్వార కేన్సర్ సంగతి చూద్దాం. ఇది ఎక్కువగా పేద స్త్రీలను చంపే జబ్బు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్షా 27 వేల మందికి ఈ జబ్బు వచ్చింది, సుమారు 80 వేల మంది చనిపోయారు.

దీనికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, క్లుప్తంగా హెచ్.పి.వి. ఈ వైరస్‌లో 16వ రకాన్ని 1983లోనూ, 18వ రకాన్ని ఆ మరుసటి ఏడూ జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం కేన్సర్ కణితుల్లో కనిపెట్టింది. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కేన్సర్లలో నూటికి 70 ఈ రెండు రకాల వల్లే.

వైరస్ రాత చాలా చిన్నది. సుమారు 8 వేల అక్షరాలు, గుండ్రటి గొలుసులా ఉంటాయి. అందులో ఇ-6, ఇ-7 అనే రెండు జన్యువులు ప్రమాదకరమైనవి. మన కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే రెండు ప్రొటీన్లను అవి దెబ్బతీస్తాయి. వాటిని మామూలుగా అదుపులో ఉంచేది ఆ వైరస్‌లోనే ఉన్న ఇ-2 అనే మరో ప్రొటీన్. గొలుసులో ఒక చోట ఒకే మూసలో ఉన్న 12 అక్షరాల వరుస నాలుగుసార్లు వస్తుంది. అవి నాలుగు గొళ్లేల వంటివి. ఇ-2 వచ్చి వాటి మీద కూర్చుంటే తలుపు మూసుకుంటుంది. ఇ-6, ఇ-7 హద్దులో ఉంటాయి.

చాలామందిలో శరీరమే ఈ వైరస్‌ను ఒకటి రెండేళ్లలో వదిలించుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అలాంటప్పుడు వైరస్ గొలుసు తెగి, మన డి.ఎన్.ఏ.లో ఇరుక్కుపోవడం జరుగుతుంది. తరచుగా తెగేది ఇ-2 ఉన్న చోటే. గొళ్లేలు ఉంటాయి, వేసేవాళ్లు ఉండరు. ఇ-6, ఇ-7 విచ్చలవిడిగా పనిచేస్తాయి. కొన్ని కణితుల్లో ఆ ఇరుక్కున్న ముక్కే పదే పదే నకలై పదులు, వందల ప్రతులుగా మారుతుంది.

దీనికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ హెన్రియెటా లాక్స్. ఆమె నల్లజాతి స్త్రీ. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇదే కేన్సర్‌తో చనిపోయింది. ఆమెకు తెలియకుండా, ఆమెను అడగకుండా తీసిన కణాలు ఈనాటికీ ప్రపంచ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిలో ఇరుక్కుని ఉన్నది 18వ రకం వైరస్. దానిలో ఇ-2 పనిచేయదు. శాస్త్రవేత్తలు ఆ కణాల్లోకి ఇ-2ను తిరిగి పంపినప్పుడు వాటి పెరుగుదల ఆగిపోయింది. మనకు ఇంత జ్ఞానం ఇచ్చిన ఆమె కుటుంబం న్యాయం కోసం 2023 దాకా పోరాడవలసి వచ్చింది. ఆ ఏడాది ఒక పెద్ద కంపెనీ వాళ్లతో రాజీకి వచ్చింది.

ఇప్పుడు పరీక్ష సంగతి. వైరస్ కోసం వెతికే పరీక్షల్లో కొన్ని ఎల్-1 అనే భాగం కోసం వెతుకుతాయి. వైరస్ మన డి.ఎన్.ఏ.లో ఇరుక్కున్నప్పుడు కొన్నిసార్లు ఎల్-1 కూడా తెగిపోతుంది. అప్పుడు జబ్బు ముదిరినా పరీక్షకు కనబడకపోవచ్చు. ఇ-6, ఇ-7 మాత్రం మిగిలే ఉంటాయి. 1995లో 22 దేశాల నుంచి తెచ్చిన వెయ్యికి దగ్గరగా ఉన్న కణితి నమూనాలను పరీక్షిస్తే నూటికి 93లో వైరస్ కనబడింది. మిగతా 7 ఏమిటి? 1999లో వాటిని ఇ-7 కోసం కూడా వెతుకుతూ మళ్లీ పరీక్షించారు. సరిగ్గా తీయని నమూనాలను పక్కన పెట్టి లెక్క చూస్తే 99.7 అయింది. వైరస్ అంతకుముందూ ఉంది, వెతికిన చోట లేదు, అంతే.

దీన్ని బట్టి పరీక్షలు దండగ అని మాత్రం అనుకోకండి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా గ్రామాల్లో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసిన గుంపులో 34 మంది ఈ కేన్సర్‌తో చనిపోతే, పరీక్ష చేయని దాదాపు అంతే పెద్ద గుంపులో 64 మంది చనిపోయారు. పరీక్ష ప్రాణం కాపాడుతుంది. ఆ 64 మంది ఉన్న గుంపును పరీక్ష లేకుండా ఎందుకు వదిలారన్న ప్రశ్న తర్వాత గట్టిగానే వచ్చింది. రావలసిన ప్రశ్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. కాబట్టి మన మొదటి పోరాటం పరీక్ష కోసమే. రెండోది ఆ పరీక్ష ఏం చెప్పిందో పూర్తిగా తెలుసుకోవడం కోసం.

రెండు నిందలు

ఈ రెండు జబ్బుల చుట్టూ రెండు నిందలు ఉన్నాయి. ఊళ్లలో పనిచేసే మీకు ఇవి తెలియనివి కావు.

మొదటిది, “మీ పుట్టింటి జబ్బు మా ఇంటికి తెచ్చావు.” బి.ఆర్.సి.ఏ. లోపం తల్లి నుంచి ఎంత రావచ్చో తండ్రి నుంచీ అంతే రావచ్చు. కొడుకులకూ వస్తుంది, కూతుళ్లకూ వస్తుంది. కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు డాక్టర్లు కూడా తల్లి వైపు మాత్రమే అడిగి ఊరుకోవడం ఉంది. నాన్న అమ్మకు, మేనత్తకు ఏమైందని మనం గుర్తుచేసి చెప్పాలి.

రెండోది, “నడవడి సరిగా లేనివాళ్లకే వస్తుంది.” హెచ్.పి.వి. అత్యంత సామాన్యమైన వైరస్. దాంపత్య జీవితం ఉన్న స్త్రీ పురుషుల్లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. జీవితమంతా ఒక్క భర్తతోనే ఉన్న స్త్రీకీ సోకవచ్చు. మోసేది ఇద్దరూ, మాట పడేది ఆమె ఒక్కతే. పాజిటివ్ కాగితం చూసి ఇంటి నుంచి గెంటేస్తారన్న భయంతో స్త్రీలు పరీక్షకే రాకపోతే, దానికి కారణం వాళ్ల అజ్ఞానమని రాసుకోకండి.

ఖమ్మం నేర్పిన పాఠం

అడిగే హక్కు ఎందుకంత ముఖ్యమో మన నేల మీదే చూశాం. 2009 జూలైలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేసే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. సుమారు 14 వేల మంది పిల్లలు. వారిలో చాలామంది ఆదివాసీ, దళిత పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. చాలామంది తరఫున అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టింది తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాక, 2010లో సమ అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వెళ్లి నిజనిర్ధారణ చేసింది. మహిళా సంఘాలు గొంతెత్తాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణ కమిటీకి కనబడలేదు. అంగీకారం తీసుకున్న పద్ధతిని మాత్రం ఆ కమిటీ తప్పుపట్టింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇంకా తీవ్రంగా తప్పుపట్టింది.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. టీకా పనిచేస్తుంది. ఇంగ్లండులో 12, 13 ఏళ్ల వయసులో టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ కేన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది. 2022లో మన దేశంలో తయారైన టీకాకు కూడా అనుమతి వచ్చింది. 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో కేంద్రం 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు దీన్ని ప్రోత్సహిస్తామని చెప్పింది. టీకా మంచిదే కాబట్టి అడగనక్కరలేదన్న వాదన ఎంత తప్పో, అడగకుండా వేశారు కాబట్టి టీకాయే చెడ్డదన్న వాదన కూడా అంతే తప్పు. ఖమ్మంలో దెబ్బతిన్నది నమ్మకం. ఆ నమ్మకం పోయినందుకు మూల్యం చెల్లించేది మళ్లీ ఆ ఆడపిల్లలే. అందుకే అంగీకారం కాగితం మీది లాంఛనం కాదంటున్నాం. టీకా వేయించుకున్నవాళ్లకు కూడా 30 ఏళ్లు దాటాక పరీక్ష అవసరమేనన్న సంగతి కూడా చెప్పాలి. టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు.

మనం అడగవలసినవి

రేపు ఏ స్త్రీకైనా తోడు వెళ్లినప్పుడు ఈ ప్రశ్నలు మీ డైరీలో ఉంచుకోండి.

ఒకటి, ఈ పరీక్ష పేరేమిటి, ఇది దేని కోసం వెతుకుతుంది? జన్యు పరీక్ష అయితే, అక్షరాలు చదవడమేనా, పోయిన ముక్కలను, రెట్టింపైన ముక్కలను లెక్కపెట్టడం కూడా ఉందా? వైరస్ పరీక్ష అయితే, ఏ రకాల కోసం, వైరస్‌లో ఏ భాగం కోసం?

రెండు, ఈ పరీక్షకు కనబడనివి ఏమిటి? ఆ మాట నివేదికలో రాసి ఉందా?

మూడు, నెగటివ్ వస్తే మళ్లీ ఎప్పుడు రావాలి? లక్షణాలు ఉన్నాయా లేదా అన్నది కాగితం కంటే ముఖ్యం. ముట్టు ఆగిపోయాక రక్తస్రావం, కలయిక తర్వాత రక్తస్రావం, వాసనతో తెల్లబట్ట, రొమ్ములో గడ్డ ఉంటే, నెగటివ్ కాగితం చూపించి ఇంటికి పంపనివ్వకండి.

నాలుగు, పాజిటివ్ వస్తే వైద్యం ఎక్కడ, ఎవరి ఖర్చుతో? వైద్యం దారి చూపని పరీక్షా శిబిరం ఫొటోలకే పనికొస్తుంది.

అయిదు, నివేదిక ప్రతి ఆమె చేతికి ఇస్తారా? ఆమెకు చెప్పకుండా భర్తకో, అత్తకో చెప్పరు కదా? తీసిన నమూనాను తర్వాత ఇంకెందుకైనా వాడతారా? వాడితే ఆమెను అడుగుతారా?

ఈ అయిదూ అడగడానికి డిగ్రీలు అక్కర్లేదు. జవాబు చెప్పలేకపోవడం డాక్టర్‌కు నామోషీ కూడా కాదు. కనుక్కుని చెబుతానంటే మనం ఆగుతాం. “అవన్నీ నీకెందుకమ్మా” అంటే మాత్రం ఆగం.

మన సంఘాలుగా చేయవలసినదీ ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకీ ఈ పరీక్ష అందాలని అడగాలి. పలచని ఎసిటిక్ ఆమ్లం రాసి కంటితో చూసే పరీక్షతో ఆగిపోకుండా హెచ్.పి.వి. పరీక్ష కూడా రావాలని అడగాలి. నివేదికలు తెలుగులో, అర్థమయ్యే మాటల్లో ఉండాలి. ‘నెగటివ్’ అన్న ఒక్క మాట కాదు, ‘ఫలానా రకాల కోసం వెతికాం, అవి కనబడలేదు, ఫలానా సంవత్సరంలో మళ్లీ రండి’ అని పూర్తి వాక్యం రాయాలి. ఒక్క పూర్తి వాక్యం రాయడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. దాన్ని మండల స్థాయిలో వినతిపత్రంగా ఇవ్వడంతో మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు ప్రశ్నలు మీవి. అడగండి.